టెస్టుకు 35 ఓవర్లు

2024 డిసెంబరు 28. మెల్‌బోర్న్ మైదానంలో మూడో రోజు ఆట. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 పరుగుల దగ్గర అవతలి ఎండ్‌లో నిలబడి చూస్తున్నాడు. బుమ్రా ఖాతా తెరవకుండానే వెళ్లిపోయాడు. మిగిలింది సిరాజ్ ఒక్కడే. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. ఆ మూడింటినీ హైదరాబాదీ ఎలాగో కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా బౌండరీకి లేపాడు. ఒక మోకాలిపై కూర్చుని, బ్యాటును నేల మీద నిలబెట్టి, దానికి హెల్మెట్ తొడిగాడు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ముత్యాల రెడ్డి గ్యాలరీలో కన్నీళ్లతో చేతులు జోడించాడు. తెలుగు ఇళ్లలో ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూసుకున్నారు.

ఆ శతకంతో పాటే ఓ పాత ప్రశ్న మళ్లీ లేచింది: మరో కపిల్ దొరికాడా?

ముప్పై ఏళ్లుగా భారత క్రికెట్‌ను ఈ ప్రశ్న వదలడం లేదు. ప్రభాకర్‌ను చూసి అడిగారు, అగార్కర్‌ను చూసి అడిగారు. ఇర్ఫాన్ పఠాన్ వచ్చినప్పుడు దొరికేశాడనే అనుకున్నారు. హార్దిక్ పాండ్యా వచ్చినప్పుడు ఇక సందేహం లేదన్నారు. ఇప్పుడు నితీశ్ వంతు. ప్రతిసారీ చర్చ ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది: పేస్ వేస్తూ బ్యాటు కూడా పట్టగలవాడు మన నేల మీద పుట్టడు, మన పిచ్‌లు అలాంటివాణ్ని తయారుచేయవు, కపిల్ ఒక వింత. వినడానికి బాగానే ఉంటుంది. రికార్డుల పుస్తకం తెరిస్తే మాత్రం ఈ మాట నిలవదు.

ఆల్‌రౌండర్‌ను తూచడానికి క్రికెట్ లోకం వాడే తక్కెడ ఒకటుంది. బ్యాటింగ్ సగటు బౌలింగ్ సగటు కన్నా ఎక్కువగా ఉంటే అతను జట్టుకు లాభం. కపిల్ దేవ్ టెస్టు సగటు బ్యాటుతో 31.05, బంతితో 29.64. హార్దిక్ పాండ్యా బ్యాటుతో 31.29, బంతితో 31.05. ఇర్ఫాన్ పఠాన్ బ్యాటుతో 31.57, బంతితో 32.26. ఈ మూడు జతల్నీ పేర్లు మూసి చూపిస్తే, ఏది ఎవరిదో చెప్పడం నిపుణులకైనా కష్టం. తేడా ఇంకో గడిలో ఉంది. కపిల్ ఆడింది 131 టెస్టులు. ఇర్ఫాన్ 29. హార్దిక్ 11.

పదకొండు టెస్టుల సగటును 131 టెస్టుల సగటు పక్కన పెట్టడం న్యాయం కాదనే అభ్యంతరం సరైనదే. మోకాలి ఆపరేషన్ తర్వాతి ఏళ్లు, వేగం తగ్గిన ఏళ్లు, ముప్పై అయిదు దగ్గరపడిన ఏళ్లు కపిల్ అంకెల్లో కలిసే ఉన్నాయి. హార్దిక్ అంకెల్లో ఉన్నది తొలి వేడి మాత్రమే. అయినా ఒక మాట అనక తప్పదు. భారత్‌కు పేస్ ఆల్‌రౌండర్లు దొరకకపోలేదు. కపిల్ స్థాయికి దగ్గరగా వచ్చినవాళ్లు కనీసం ఇద్దరు దొరికారు. ఇద్దరినీ భారత క్రికెట్ నిలుపుకోలేకపోయింది. అందుకే ఇన్నేళ్లుగా వేస్తున్న ప్రశ్ననే సరిచేసుకోవాలి.

ముందుగా, కపిల్ అంతకాలం ఎలా నిలిచాడు?

1975 నవంబరులో పదహారేళ్ల చండీగఢ్ కుర్రాడు హరియాణా తరఫున పంజాబ్ మీద తొలి రంజీ మ్యాచ్ ఆడాడు. 39 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. పంజాబ్ 63కే కుప్పకూలింది. ఈ ఆరంభంలోనే అసలు కీలకం ఉంది. కపిల్ ముందు బౌలర్, తర్వాతే బ్యాటర్. బ్యాటు ముట్టకపోయినా జట్టులో అతని చోటు అతనిదే. 1978 అక్టోబరులో ఫైసలాబాద్‌లో టెస్టుల్లోకి వచ్చాడు. 16 నెలలు తిరక్కముందే, 25వ టెస్టు నాటికి, వెయ్యి పరుగులు, వంద వికెట్లు పూర్తిచేశాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు నిండి నెల కూడా కాలేదు. 1979-80 స్వదేశీ సీజన్‌లో ఆస్ట్రేలియా మీద 28 వికెట్లు, వెంటనే పాకిస్తాన్ మీద 32 వికెట్లు తీశాడు. ఈ 60 వికెట్లూ భారత పిచ్‌ల మీదే పడ్డాయి.

మన పిచ్‌లు పేసర్లను పుట్టనివ్వవనే వాదానికి ఇంతకన్నా పెద్ద జవాబు లేదు. కపిల్ 434 వికెట్లలో 219 స్వదేశంలో తీసినవి. సగానికి పైనే. రెండో ఎండ్‌లో నికరమైన తోడు లేకుండానే చాలా ఏళ్లు బండి లాగాడు. 1983 నవంబరులో మొతేరాలో, అహ్మదాబాద్‌లోని ఆ మైదానంలో జరిగిన తొలి టెస్టులో, వెస్టిండీస్ రెండో ఇన్నింగ్స్‌లో 83 పరుగులకు 9 వికెట్లు తీశాడు. 30.3 ఓవర్లు వేశాడు. ఆ మ్యాచ్‌లో భారత్ ఓడిపోయింది. ఆ సిరీస్ 3-0తో పోయింది. కపిల్ మాత్రం 29 వికెట్లు తీశాడు. ఓడుతున్న జట్టు కోసం, జీవం లేని పిచ్ మీద, ఎండలో అంతసేపు పరుగెత్తిన మనిషి పట్టుదలను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అతని శరీరం గురించి చెప్పుకోకుండా ఈ కథ పూర్తికాదు. పేసర్ ముందుకాలు క్రీజులో దిగే క్షణాన శరీరం మీద అతని బరువుకు అనేక రెట్ల భారం పడుతుంది. అదే క్షణంలో నడుము పక్కకు వంగుతుంది, మెలి తిరుగుతుంది. తుంటి ఒక దిక్కు, భుజాలు ఒక దిక్కు ఉండే యాక్షన్ అయితే వెన్ను కింది పూసల మీద ఒత్తిడి మరీ ఎక్కువ. ఎముక సన్నగా చిట్లుతుంది. ఇరవైల తొలినాళ్లలో ఉన్న బౌలర్లకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కపిల్‌ది పూర్తిగా పక్కవాటు యాక్షన్. ఎడమ భుజం మీదుగా బ్యాటర్‌ను చూస్తూ ఎగిరి, సాఫీగా బంతి వదిలేవాడు. ఆ యాక్షనే అతనికి ఔట్‌స్వింగర్ ఇచ్చింది, ఆ యాక్షనే వెన్నునూ కాపాడింది. 1984లో మోకాలికి శస్త్రచికిత్స జరిగాక వేగం తగ్గింది, స్వింగ్ మిగిలింది. 131 టెస్టుల ప్రయాణంలో మధ్యలో అతను ఆడని టెస్టు ఒక్కటే. అదీ గాయం వల్ల కాదు. 1984లో ఢిల్లీలో ఇంగ్లండ్ మీద నిర్లక్ష్యంగా షాట్ ఆడి ఔటైనందుకు తర్వాతి కలకత్తా టెస్టుకు పక్కనపెట్టారు. 184 ఇన్నింగ్స్‌లలో ఒక్కసారీ రనౌట్ కాలేదు. రోజంతా బంతి వేసిన కాళ్లతోనే వికెట్ల మధ్య పరుగెత్తాడని గుర్తుంచుకోవాలి.

1981 మెల్‌బోర్న్ సంగతి కూడా చెప్పుకోవాల్సిందే. ఆస్ట్రేలియా గెలవడానికి 143 చాలు. కపిల్‌కు తొడ కండరం పట్టేసింది. నొప్పి తెలియకుండా మందు వేయించుకుని ఆఖరి రోజు బంతి అందుకున్నాడు. 28 పరుగులకు 5 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా 83కు ఆలౌట్.

బ్యాటింగ్‌లో టన్‌బ్రిడ్జ్ వెల్స్ కథ తెలుగు పాఠకులకు కంఠస్థమే. 1983 జూన్ 18, జింబాబ్వే మీద 17కు 5 వికెట్లు పోయాక కపిల్ 175 నాటౌట్. తొమ్మిదో వికెట్‌కు కిర్మాణీతో విడిపోకుండా 126 పరుగులు. దానికి కాస్త తక్కువగా గుర్తుండేది 1990 లార్డ్స్. ఫాలోఆన్ తప్పాలంటే 24 పరుగులు కావాలి, చేతిలో ఒక్క వికెట్టే ఉంది, అవతల ఉన్నది హిర్వాణీ. కపిల్ హెమ్మింగ్స్ బౌలింగ్‌లో వరసగా నాలుగు సిక్సర్లు కొట్టాడు. తర్వాతి ఓవర్లోనే హిర్వాణీ ఔటయ్యాడు. ఆ లెక్క అంత ఖచ్చితంగా వేయగలగడం కూడా ఆల్‌రౌండర్ విద్యలో భాగమే.

మొత్తం 27,740 బంతులు. టెస్టుకు సగటున 35 ఓవర్లు. వాటి పైన 5,248 పరుగులు, 8 శతకాలు. అయిదు వేల పరుగులు, నాలుగు వందల వికెట్లు రెండూ ఉన్న టెస్టు క్రికెటర్ ప్రపంచంలో ఇప్పటికీ అతనొక్కడే. 1994 ఫిబ్రవరిలో అదే మొతేరాలో తిలకరత్నేను ఔట్ చేసి, 432వ వికెట్‌తో హ్యాడ్లీ రికార్డు దాటాడు. మరుసటి నెలలో హామిల్టన్‌లో ఆఖరి టెస్టు ఆడాడు.

కపిల్‌కు ముందు ఈ చోటు శూన్యమేమీ కాదు. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు, కర్నల్ సి.కె. నాయుడు. భారీ సిక్సర్లు కొట్టేవాడు, మీడియం పేస్ వేసేవాడు. తర్వాతి కాలంలో ఆంధ్ర రంజీ జట్టుకూ నాయకత్వం వహించాడు. అదే లార్డ్స్ టెస్టులో అమర్ సింగ్ కొత్తబంతి పంచుకుని, రెండో ఇన్నింగ్స్‌లో కింది వరసలో వచ్చి 51 కొట్టాడు. భారత టెస్టు చరిత్రలో అదే తొలి అర్ధశతకం. అంటే ఈ దేశపు తొలి టెస్టులోనే పేస్ ఆల్‌రౌండర్ ఉన్నాడు. అమర్ సింగ్ ఆడింది ఏడు టెస్టులే. 1940లో, ముప్పై ఏళ్లు నిండకుండానే కన్నుమూశాడు. లాలా అమర్‌నాథ్, దత్తూ ఫడ్కర్ ఆ తర్వాత వచ్చారు.

అరవైల నాటికి ఆ చోటు అర్థమే మారిపోయింది. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ ఉన్న జట్టులో కొత్తబంతి పట్టేవాడి పని దాని మెరుపు పోగొట్టడం వరకే. నాలుగైదు ఓవర్లు వేసి స్పిన్నర్లకు అప్పగించాలి. ఈ పనిని ఎక్కువగా మోసినవాడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబిద్ అలీ. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో అరంగేట్రం చేసి, తొలి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. అదే పర్యటనలో సిడ్నీలో 78, 81 కొట్టాడు. వికెట్ల మధ్య చిరుతలా ఉరికేవాడు, దగ్గరి ఫీల్డింగ్‌లో అతనికి సాటి వచ్చేవాళ్లు ఆ జట్టులో ఒకరిద్దరే. 1971లో ఓవల్‌లో భారత్ ఇంగ్లండ్ గడ్డ మీద తొలిసారి గెలిచినప్పుడు గెలుపు బౌండరీ అతని బ్యాటు నుంచే వచ్చింది. అన్నీ చేసినా 29 టెస్టుల్లో దక్కినవి 47 వికెట్లు, 1,018 పరుగులు. అడిలైడ్‌లో ఆరు వికెట్లు తీసిన చేతికి ఆ తర్వాత వికెట్లు తీసే పనే సరిగా అప్పగించలేదు. అబిద్ అలీ 2025 మార్చిలో అమెరికాలో చనిపోయారు. ఆయన్ను హైదరాబాద్ తలుచుకోవాల్సినంతగా తలుచుకోలేదన్నది చేదు నిజం.

కపిల్ వచ్చి ఈ అలవాటును బద్దలు కొట్టాడు. అతను వెళ్లాక అలవాటు తిరిగొచ్చింది.

మనోజ్ ప్రభాకర్‌ది కష్టజీవి కథ. ఒకే మ్యాచ్‌లో బౌలింగ్ ప్రారంభించి, బ్యాటింగ్ కూడా ప్రారంభించేవాడు. 39 టెస్టుల్లో 1,600 పరుగులు, 96 వికెట్లు. బంతితో సగటు 37 దాటడం వల్ల కపిల్ పక్కన నిలబడలేకపోయాడు. 1996 ప్రపంచకప్‌లో ఢిల్లీలో శ్రీలంక ఓపెనర్లు ఉతికేశాక, సొంతూరి జనం ముందు ఆఫ్‌స్పిన్ వేయాల్సి వచ్చింది. అంతర్జాతీయ క్రికెట్లో అదే అతని చివరి ఆట. అజిత్ అగార్కర్ లార్డ్స్‌లో 109 నాటౌట్ కొట్టాడు, వన్డేల్లో 288 వికెట్లు తీశాడు. టెస్టుల్లో మాత్రం నిలకడ దొరకలేదు.

ఇర్ఫాన్ పఠాన్ దగ్గర ఆగాలి. 2003 డిసెంబరులో అడిలైడ్‌లో, 19 ఏళ్ల వయసులో, ఎడమచేతి స్వింగ్‌తో వచ్చాడు. 2006 జనవరిలో కరాచీ టెస్టు మొదటి ఓవర్లోనే సల్మాన్ బట్, యూనిస్ ఖాన్, మహమ్మద్ యూసుఫ్‌లను వరస బంతుల్లో పంపి హ్యాట్రిక్ తీశాడు. 2007లో టీ20 ప్రపంచకప్ ఫైనల్‌లో 16 పరుగులకు 3 వికెట్లు, అదే ఏడాది బెంగళూరులో పాకిస్తాన్ మీద టెస్టు శతకం, 2008 జనవరిలో పెర్త్ విజయంలో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. ఇవన్నీ ఒకే కుర్రాడివి. వన్డేల్లో ఓపెనర్‌గా పంపారు, మూడో స్థానంలో పంపారు. నాగపూర్‌లో శ్రీలంక మీద 83 కొట్టి ఆ నమ్మకాన్ని నిలబెట్టాడు కూడా. ఈ లోపు బంతి వేగం తగ్గింది, స్వింగ్ మాయమైంది. కోచ్ గ్రెగ్ చాపెల్ బ్యాటింగ్ ప్రయోగాలే చెడగొట్టాయని లోకం అంది. ఇర్ఫాన్ మాత్రం ఆ నింద చాపెల్ మీద వేయడానికి ఒప్పుకోలేదు.

అతని అంకెల్లో అంతగా చర్చకు రానిది ఒకటుంది. 29 టెస్టుల్లో 5,884 బంతులు, అంటే టెస్టుకు దాదాపు 34 ఓవర్లు. కపిల్ మోసిన బరువే. దాన్ని ఇర్ఫాన్ 19 నుంచి 23 ఏళ్ల మధ్య, ఎముక ఇంకా గట్టిపడని వయసులో మోశాడు. దాంతో పాటు విడవకుండా వన్డేలు, కొత్తగా వచ్చిన టీ20లు, మారుతూ పోయిన బ్యాటింగ్ స్థానం. కపిల్ శరీరం తట్టుకుంది కాబట్టి అందరి శరీరమూ తట్టుకోవాలనుకోవడం అన్యాయం. 2008 ఏప్రిల్‌లో మొతేరాలోనే దక్షిణాఫ్రికా మీద భారత్ 76కు ఆలౌటైంది. ఆ ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువ కొట్టింది ఇర్ఫాన్, 21 నాటౌట్. రెండో ఇన్నింగ్స్‌లో 43 నాటౌట్. ఆ తర్వాత అతను మళ్లీ టెస్టు ఆడలేదు. అప్పటికి అతని వయసు 23.

హార్దిక్ పాండ్యా కథ దీనికి తలకిందులు. 2017లో పల్లెకెలెలో 86 బంతుల్లో శతకం. 2018 జనవరిలో కేప్‌టౌన్‌లో మిగతావాళ్లు నిలవలేని పిచ్ మీద 95 బంతుల్లో 93. ఆ ఆగస్టులో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో 28 పరుగులకు 5 వికెట్లు. నెల తిరిగేసరికి దుబాయ్‌లో ఆసియా కప్ మ్యాచ్ మధ్యలో వెన్ను పట్టేసి స్ట్రెచర్ మీద వెళ్లాడు. 2019లో లండన్‌లో వెన్నుకు శస్త్రచికిత్స. టెస్టుల్లోకి తిరిగి రాలేదు. పొట్టి క్రికెట్‌లో అతని విలువ ఎంతో 2024 జూన్ 29న బార్బడోస్‌లో తెలిసింది. చేజారిపోతున్న టీ20 ప్రపంచకప్ ఫైనల్‌లో క్లాసెన్‌ను ఔట్ చేసి, ఆఖరి ఓవర్లో మిల్లర్‌ను పంపి, 20 పరుగులకు 3 వికెట్లతో ముగించాడు. నాలుగు ఓవర్లు వేసే శరీరం అది, 35 వేయలేదు. ఆ నిర్ణయం తీసుకునే హక్కు అతనిదే. దాన్ని డబ్బు లెక్కగా చూడటం తప్పు.

ఇక్కడ ఇంకో అంకె చూడాలి. హార్దిక్ 11 టెస్టుల్లో స్వదేశంలో ఆడింది ఒక్కటే, 2018 జూన్‌లో బెంగళూరులో అఫ్గానిస్తాన్ మీద. శార్దూల్ ఠాకూర్‌దీ అదే దారి. 2018 అక్టోబరులో హైదరాబాద్‌లో, ఉప్పల్ స్టేడియంలో, తొలి టెస్టు ఆడాడు. పది బంతులు వేశాడు, గజ్జల్లో కండరం పట్టేసి మైదానం వదిలాడు. తర్వాతి టెస్టు కోసం రెండేళ్లకు పైగా ఎదురుచూశాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో 67 కొట్టి, వాషింగ్టన్ సుందర్‌తో 123 పరుగులు జోడించి, చారిత్రక విజయంలో భాగమయ్యాడు. ఆ ఏడాదే ఓవల్‌లో రెండు ఇన్నింగ్స్‌లలోనూ అర్ధశతకాలు. 2022లో జొహన్నెస్‌బర్గ్‌లో 61కి 7 వికెట్లు. స్వదేశంలో ఆడినది మాత్రం ఉప్పల్‌లోని ఆ పది బంతుల టెస్టే.

కపిల్ 131 టెస్టుల్లో 65 స్వదేశంలో ఆడాడు.

కారణం దాచినదేమీ కాదు. స్వదేశంలో భారత్‌కు ఆల్‌రౌండర్లకు కొదవ లేదు, అందరూ స్పిన్నర్లే. వినూ మన్కడ్ 1952లో లార్డ్స్‌లో 72, 184 కొట్టి, ఒక ఇన్నింగ్స్‌లోనే 73 ఓవర్లు వేశాడు. రవిశాస్త్రి పదో స్థానం నుంచి మొదలుపెట్టి ఓపెనర్ దాకా ఎదిగాడు, 11 శతకాలతో ముగించాడు. అశ్విన్ 537 వికెట్లకు 3,503 పరుగులు, ఆరు శతకాలు జతచేశాడు. జడేజా 2022లో మొహాలీలో శ్రీలంక మీద 175 నాటౌట్ కొట్టి, ఆ మ్యాచ్‌లోనే తొమ్మిది వికెట్లు తీశాడు. అక్షర్, సుందర్ వెనకే ఉన్నారు. బంతి తిరిగే పిచ్ మీద ఇంతమంది ఉండగా మూడో పేసర్‌కు పనేముంది? కాబట్టి పేస్ ఆల్‌రౌండర్ విదేశీ ప్రయాణానికి మాత్రమే పెట్టెలోంచి తీసే స్వెటర్ అయిపోయాడు. ఏడాదికి ఒకసారి తీస్తారు. అతను పాత బంతితో అలసిన పిచ్ మీద రోజంతా వేయడం నేర్చుకునేదెక్కడ? కపిల్ అది కాన్పూర్‌లో, కలకత్తాలో, మద్రాసులో నేర్చుకున్నాడు.

మహిళల క్రికెట్‌లోనూ ఇదే బొమ్మ కనిపిస్తుంది. 2025 నవంబరు 2న నవీముంబైలో దీప్తి శర్మ ప్రపంచకప్ ఫైనల్‌లో 58 పరుగులు చేసి 39కి 5 వికెట్లు తీసింది. 22 వికెట్లతో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అండర్-19 ప్రపంచకప్‌లో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 309 పరుగులు, 7 వికెట్లతో అదే గౌరవం అందుకుంది. ఇద్దరూ మనసు నింపిన ఆల్‌రౌండర్లు. ఇద్దరిదీ స్పిన్నే.

బయటి దేశాలు ఏం చేశాయో చూస్తే కొంత వెలుగు దొరుకుతుంది. ఇమ్రాన్ ఖాన్‌కు కాలి ఎముక చిట్లినప్పుడు పాకిస్తాన్ అతన్ని వదులుకోలేదు. 1983 ప్రపంచకప్‌లో బ్యాటర్‌గా మాత్రమే ఆడాడు. ఎముక అతుక్కునేదాకా ఆగి మళ్లీ బంతి పట్టాడు, 362 వికెట్ల దాకా వెళ్లాడు. దక్షిణాఫ్రికా జాక్ కాలిస్‌ను మరోలా కాచుకుంది. అతను ముందు బ్యాటర్. టెస్టుకు సగటున 20 ఓవర్లు మాత్రమే వేయించి 166 టెస్టులు ఆడించారు. 13,289 పరుగులు, 292 వికెట్లు వచ్చాయి. ఇంగ్లండ్ ఫ్లింటాఫ్‌ను కాచుకోలేకపోయింది. 2005లో యాషెస్ గెలిపించిన మనిషి నాలుగేళ్లకే గాయాలతో టెస్టులు వదిలేశాడు. కాబట్టి ఇది భారత్‌కు మాత్రమే ఉన్న జబ్బు కాదు. కాలిస్ దారి, అంటే ముందు బ్యాటర్‌గా స్థిరపడి కొలిచి బౌలింగ్ వేయడం, మన దగ్గర ఎవరితోనూ ఓపికగా ప్రయత్నించనే లేదు. హార్దిక్ సగటు టెస్టుకు 14 ఓవర్లు. ఆ లెక్కన అతనికి కాలిస్ దారే సరిపోయేది.

ఐపీఎల్ ఈ సమస్యకు ఇంకో ముడి వేసింది. 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధనతో జట్టు బ్యాటింగ్‌కు ఒకణ్ని, బౌలింగ్‌కు ఒకణ్ని మార్చుకోవచ్చు. రెండు పనులూ సగం సగం చేసేవాడికన్నా, ఒక్కో పని పూర్తిగా చేసే ఇద్దరు మేలైపోయారు. ఇది ఆల్‌రౌండర్ల ఎదుగుదలను అడ్డుకుంటుందని, శివం దూబే, వాషింగ్టన్ సుందర్‌లకు బౌలింగ్ దక్కడం లేదని రోహిత్ శర్మ 2024లో బాహాటంగానే చెప్పాడు. అప్పటి భారత కెప్టెన్ స్వయంగా చెప్పిన తర్వాత కూడా నిబంధన మారలేదు. దేశం ఒకపక్క పేస్ ఆల్‌రౌండర్ కోసం దీపం పట్టుకుని వెతుకుతూ, మరోపక్క వాళ్లకు బంతి ఇవ్వనక్కరలేని ఆటను రెండు నెలలు ఆడిస్తోంది. ఈ నిబంధన ఎంత త్వరగా పోతే అంత మంచిది.

నితీశ్ ఈ ముడుల మధ్యలోంచే వచ్చాడు. 2024లో సన్‌రైజర్స్ తరఫున 303 పరుగులతో ఐపీఎల్ వర్ధమాన ఆటగాడి అవార్డు గెలిచాడు. ఆ అక్టోబరులో ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద టీ20లో 34 బంతుల్లో 74 కొట్టి రెండు వికెట్లు తీశాడు. నవంబరులో పెర్త్‌లో టెస్టుల్లోకి వచ్చి, భారత్ 150కే ఆలౌటైన ఇన్నింగ్స్‌లో 41తో అందరికన్నా పైన నిలిచాడు. ఆస్ట్రేలియాలో అయిదు టెస్టుల్లో 298 పరుగులు, 5 వికెట్లు. అతను ముందు బ్యాటర్ అన్నది ఈ అంకెల్లోనే ఉంది. కాబట్టి అతన్ని కపిల్‌తో పోల్చడం అతనికే భారం. పోల్చాలంటే కాలిస్ దారితో పోల్చాలి. ఎనిమిదో స్థానంలో శతకం కొట్టినవాణ్ని పైకి తేవాలి, బంతిని కొలిచి, కానీ క్రమం తప్పకుండా ఇవ్వాలి.

బంతితో పనికిరాడనుకోవడానికీ లేదు. 2025 జులై 10న లార్డ్స్‌లో తొలిరోజు ఉదయం, బుమ్రా, సిరాజ్, ఆకాశ్‌దీప్‌లకు లొంగని ఇంగ్లండ్ ఓపెనర్లు డకెట్, క్రాలీలను నితీశ్ ఒకే ఓవర్లో పంపించాడు. తర్వాతి టెస్టుకు ముందు మోకాలికి గాయమై ఇంటికి తిరిగొచ్చాడు.

ఆ అక్టోబరులో వెస్టిండీస్ భారత్‌కు వచ్చింది. జడేజా, కుల్‌దీప్, సుందర్ ముగ్గురూ ఉన్నా నితీశ్‌ను తుదిజట్టులోకి తీసుకున్నారు. పేస్ ఆల్‌రౌండర్‌ను స్వదేశంలోనే పెంచాలన్న ఆలోచన సెలక్టర్లకు ఆలస్యంగానైనా వచ్చినందుకు సంతోషించాలి. స్వదేశంలో అతనికి అదే తొలి టెస్టు. మైదానం అహ్మదాబాద్, మొతేరా. కొత్తగా కట్టారు, పేరు మారింది, చోటు అదే. కపిల్ 30.3 ఓవర్లు వేసి తొమ్మిది వికెట్లు తీసిన చోటు, 432వ వికెట్ తీసిన చోటు, ఇర్ఫాన్ చివరి టెస్టు ఆడిన చోటు. వెస్టిండీస్ తొలి ఇన్నింగ్స్ 44.1 ఓవర్లు సాగింది. బుమ్రా, సిరాజ్ చెరో 14 వేశారు. నితీశ్‌కు నాలుగు ఓవర్లు ఇచ్చారు.